ఒక గదిలో ఇన్‌స్టలేషన్ కట్టడం: గడప దగ్గర మొదలుపెట్టండి

పశ్చిమ గోదావరి జిల్లాలో మూతపడిన ఒక రైసు మిల్లు గోదాములో ఒక గది నాకు నెల రోజులపాటు వాడుకోవడానికి దొరికింది. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, పైన రేకులు, కింద పగుళ్లిచ్చిన సిమెంటు గచ్చు. అక్కడ నేను చేసిన పనిని దగ్గర పెట్టుకుని, ఇన్‌స్టలేషన్ ఎలా కట్టాలో మొదటి కొలత నుంచి చివరి బస్తా ఎత్తేదాకా చెబుతాను. మీకు దొరికేది స్కూలు గది కావచ్చు, మేడమీద గది కావచ్చు, ఊళ్లో వాడకుండా పడున్న పంచాయతీ హాలు కావచ్చు. పద్ధతి ఒక్కటే.

ముందు ఇది ఏమిటో. బొమ్మను ఎదురుగా నిలబడి చూస్తాం. శిల్పాన్ని చుట్టూ తిరిగి చూస్తాం. ఇన్‌స్టలేషన్‌లోకి వెళ్తాం. లోపల ఉన్నంతసేపూ నేల, కప్పు, వెలుతురు, వాసన, చప్పుడు అన్నీ కలిసి మన ఒంటి మీద పనిచేస్తాయి. కొందరు దీన్ని ప్రతిష్ఠాపన కళ అంటున్నారు గానీ, పనిచేసేవాళ్ల నోట ఇన్‌స్టలేషన్ అనే మాటే స్థిరపడింది.

ఇది మనకు కొత్త అనుభవమేమీ కాదు. పాత గుడి ఒకదాన్ని తలుచుకోండి. గోపురం దాటగానే ఆరుబయట వాకిలి. ధ్వజస్తంభం. తర్వాత మండపం. అక్కడ కప్పు కిందికి దిగుతుంది, ఎండ తగ్గుతుంది, అరికాలికి రాయి చల్లగా తగులుతుంది. గర్భగుడికి ముందుండే అంతరాళం దగ్గరికొచ్చేసరికి గోడలు దగ్గరవుతాయి, నూనె, కర్పూరం వాసన ముక్కుకు తగులుతుంది, గొంతు తనంతట తనే తగ్గిపోతుంది. కన్ను చీకటికి అలవాటు పడుతున్న ఆ సమయంలో పూజారి హారతి వెలిగిస్తాడు. చిటికెడు మంట మొత్తం గర్భగుడిని నింపేస్తుంది. అదే హారతి వాకిట్లో ఎండలో వెలిగిస్తే కనిపించను కూడా కనిపించదు. ఆ నడకను ఎవరో స్థపతి అడుగడుగూ లెక్కగట్టి పేర్చాడు. మీరు నేర్చుకోవలసింది అదే. మీరు అమర్చేది వస్తువులను కాదు, చూసేవాళ్ల నడకను. వస్తువుల సంగతి తర్వాత.

1. గదిలో ఊరికే కూర్చోండి

ఆలోచనతో వెళ్లకండి. టేపు, సుద్దముక్క, గ్రాఫ్ కాగితం, చాప పట్టుకెళ్లండి. అడుగుకు ఒక సెంటీమీటరు లెక్కన గది గీయండి. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ ఎంత ఎత్తులో ఉంది, దూలం ఎక్కడ, ప్లగ్గు ఎక్కడ, చెమ్మ ఏ గోడకు ఎక్కుతోంది, అన్నీ రాసుకోండి.

తర్వాత పొద్దున ఒక గంట, మిట్టమధ్యాహ్నం ఒక గంట, దీపాల వేళ ఒక గంట కూర్చోండి. రేకుల గదిలో నాకు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక సంగతి తెలిసింది. మేకు ఊడిన చిల్లులోంచి రూపాయి బిళ్లంత ఎండ గచ్చు మీద పడి, గంటలో రెండు అడుగులు జరిగింది. వేడికి రేకులు సాగి టిక్కుటిక్కుమన్నాయి. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా మీ చేతికొచ్చే సరుకు. ఉంచుకుంటారా, మూసేస్తారా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు అవి ఉన్నాయని తెలియాలి.

2. ఒక్క క్రియాపదం ఎంచుకోండి

“నా ఇన్‌స్టలేషన్ వలసల గురించి”, “నాది పర్యావరణం మీద” అని మొదలుపెట్టేవాళ్లను చాలామందిని చూశాను. అది వ్యాసానికి పనికొచ్చే ఆరంభం. గదికి కావలసింది క్రియ. లోపలికొచ్చిన మనిషి ఒళ్లు ఏం చేయాలి? వంగాలా, వెతకాలా, ఒదిగి నడవాలా, తల పైకెత్తాలా, ఇతరుల కోసం ఆగాలా?

అమెరికన్ కళాకారుడు బ్రూస్ నౌమన్ 1970లో చేసిన వీడియో కారిడార్ దీనికి నాకు తెలిసిన గొప్ప పాఠం. రెండు పొడవాటి గోడల మధ్య 20 అంగుళాల సందు. ఒక్క మనిషి మాత్రమే పడతాడు. చివర నేల మీద ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు టీవీలు. ఒకదాంట్లో ఖాళీ సందు కనిపిస్తుంది, అది ముందే తీసి పెట్టిన టేపు. రెండోదాంట్లో మీరు కనిపిస్తారు, కానీ వెనక నుంచి. కెమెరా మీ వెనక ప్రవేశం దగ్గర, పైన ఉంది. అందుకే టీవీకి దగ్గరయ్యేకొద్దీ అందులో మీ బొమ్మ చిన్నదైపోతుంది. మనిషి తనను చూసుకోవడానికి ముందుకు నడుస్తాడు, నడిచినకొద్దీ తనకే దూరమవుతాడు. రెండు గోడలు, ఒక కెమెరా, రెండు టీవీలు, అంతే సామాను. క్రియ ఒక్కటే, “దగ్గరవడం”. దాన్ని ఆయన తిరగేశాడు.

మిల్లులో నేను ఎంచుకున్న క్రియ “తూగడం”. గది చివర పాత కాటా ఒకటి తుప్పుపట్టి పడుంది. బస్తాలు తూచిన ఇనప పలకమీద వచ్చినవాళ్లు నిలబడాలి, ముల్లు కదలాలి. మిగతా గదంతా ఆ ఒక్క అడుగు కోసమే.

3. గడప: మొదటి చూపు దేనికి ఇస్తున్నారు?

ఎక్కువ పనులు పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. నా మొదటి ఇన్‌స్టలేషన్‌లో నాలుగు వందల మట్టి ప్రమిదలను దారాలతో రకరకాల ఎత్తుల్లో ఒక హాలు నిండా వేలాడదీశాను. మూడు నెలల పని. మొదటిరోజు జనం బాగానే వచ్చారు. గుమ్మంలో నిలబడి, “అబ్బ, బాగుంది” అని, ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. రెండోరోజు ఒక మూల కూర్చుని లెక్కపెట్టాను. చాలామంది మూడో అడుగు వేయలేదు. వేయాల్సిన అవసరం నేను కల్పించలేదు. ఉన్నదంతా గుమ్మంలోంచే కనిపిస్తుంటే లోపలికి ఎందుకు రావాలి?

అప్పటినుంచి నాది ఒకటే నియమం. గుమ్మంలో నిలబడ్డ మనిషికి పనిలో ఒక భాగమే కనపడాలి, మిగతాది ఉందని తెలియాలి. వాసన ద్వారా తెలియచ్చు, చప్పుడు ద్వారా తెలియచ్చు, మలుపు అవతల వెలుతురు ద్వారా తెలియచ్చు.

మిల్లు గదిలో తలుపుకు నాలుగు అడుగుల లోపల, గది వెడల్పునా గోనెపట్టా తెర కట్టాను. ఎడమ చివర మాత్రం మూడు అడుగుల దారి వదిలాను. దాని పైభాగాన్ని నాలుగున్నర అడుగులకు దించాను. తలుపు తీయగానే కనిపించేది గోనె. ఎడమకు తిరగాలి, తల వంచాలి, తల ఎత్తేసరికి గది. గది కొలత మారలేదు గానీ, వంగి లేచినవాళ్లకు పదకొండు అడుగుల కప్పు ఎంతో ఎత్తుగా అనిపించింది.

వంగలేనివాళ్ల సంగతి అప్పుడే ఆలోచించండి. పెద్దవాళ్లకు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు నేను వెనక లోడింగు తలుపు తెరిచి, కాటా దాకా చెక్కలు పరిచాను. వాళ్లకు పని తిరగబడి మొదలైంది, ముందు కాటా ఇనుము, తర్వాత నేలంతా పరిచిన ఊక. అందులోనూ ఒక అందం ఉంది.

గడప దగ్గరే ఆపేయడమూ ఒక పద్ధతే. న్యూయార్కులో వూస్టర్ వీధిలోని ఒక భవనంలో అమెరికన్ కళాకారుడు వాల్టర్ డి మరియా 1977లో చేసిన ఎర్త్ రూమ్ ఇప్పటికీ ఉంది. 3,600 చదరపు అడుగుల అంతస్తు నిండా 22 అంగుళాల మందాన మట్టి. లోపలికి అడుగు పెట్టనివ్వరు. అడ్డుగా పెట్టిన అద్దం దగ్గర నిలబడి చూడాల్సిందే. తడిమట్టి వాసన మాత్రం మీ దాకా వస్తుంది. ఆ మట్టికి నీళ్లు పెడతారు, దువ్వుతారు. నగరం నడిబొడ్డున అంత ఖరీదైన చోటును మట్టికి వదిలేశారన్న సంగతి, కాలు పెట్టే వీలు లేకపోవడం వల్లే అంత బలంగా తగులుతుంది. ఆపాలనుకుంటే అలా ఆపాలి. నా ప్రమిదల దగ్గర జనం ఆగిపోయింది మాత్రం నా చేతకానితనం వల్ల.

4. నేల

కంటికంటే ముందు అరికాలు నమ్ముతుంది. కేరళలో రెండేళ్లకోసారి జరిపే కళాప్రదర్శన కొచ్చి బినాలే. 2016లో అక్కడ, ఫోర్ట్ కొచ్చిలోని ఆస్పిన్‌వాల్ హౌస్ గోదాములో చిలీ కవి రౌల్ జురీతా నేలంతా సముద్రపు నీరు నింపాడు. చెప్పులు విప్పి, బట్టలు పైకి పట్టుకుని, నీళ్లలో నడుస్తూ వెళ్లాలి. దారిలో గోడల మీద ప్రశ్నలు. దూరంగా చివరి గోడ మీద ఒక కవిత. అది 2015లో సముద్రంలో మునిగిపోయిన సిరియా పిల్లవాడు గాలిప్ కుర్దీ కోసం. ఒడ్డున పడున్న తమ్ముడు అలాన్ ఫొటోను లోకమంతా చూసింది. అన్న ఫొటో ఎవరూ చూడలేదు. తడవకుండా ఆ కవిత చదవలేరు. చదివాక ఆ నీళ్లలోనే వెనక్కి రావాలి. వెళ్లేటప్పుడు వింతగా అనిపించిన నీళ్లు వచ్చేటప్పుడు అలా ఉండవు. దారి ఒక్కటే, నీళ్లూ అవే. మధ్యలో తెలిసిన సంగతి వల్ల నేల మారిపోయింది.

నేను ఊక ఎంచుకున్నాను. లెక్క ఇలా వేయండి: 12 × 18 అంటే 216 చదరపు అడుగులు, 4 అంగుళాల మందానికి 72 ఘనపుటడుగులు. ఊక తేలిక కాబట్టి అది రెండు, మూడు క్వింటాళ్లకు మించదు. తొక్కితే అణుగుతుంది, అందుకే నాలుగో వంతు అదనంగా తెచ్చుకోండి. కింద మందపాటి టార్పాలిన్ వేయండి, లేకపోతే గచ్చు పగుళ్లలో చేరి ఏడాదైనా రాదు. ఊకను జల్లెడ పట్టి, రెండు రోజులు ఎండబెట్టి, అప్పుడు పరవండి. నేను జల్లెడ పట్టకుండా మొదటి విడత పరిచేశాను. సాయంత్రానికి సహాయం చేస్తున్న కుర్రాళ్లంతా దగ్గుతున్నారు. నూకలు కలిసి ఉండటంతో తెల్లారేసరికి చీమలు బారులు కట్టాయి. మొత్తం ఎత్తించి మళ్లీ చేశాం.

ఆ మిల్లులో ముఠా మేస్త్రిగా చేసిన పెద్దాయన ఒకరు రెండో విడత పరుస్తుంటే వచ్చారు. గుప్పెడు తీసుకుని, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. “ఇది ఉప్పుడు మిల్లు ఊకమ్మా. ఇక్కడ ఆడింది పచ్చి బియ్యం” అన్నారు. నిజమే, నేను తక్కువకు వస్తుందని పక్కూరి ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి తెప్పించాను. రంగు ముదురు, వాసన వేరు. సందర్శకుల్లో వందకు తొంభైమందికి ఆ తేడా తెలియకపోవచ్చు. కానీ ఆ గదిని ఎరిగినవాళ్లకు మొదటి ఊపిరిలోనే అబద్ధం తెలిసిపోతుంది. ఊక మార్చాను. మీరు వాడే సరుకు మీద బతికినవాళ్లను ఒకరిని పిలిచి, తెరవకముందే చూపించండి.

పాదాల చివర ఏముందో కూడా ముఖ్యం. మెత్తగా, కొద్దిగా గుచ్చుకునే ఊకలో పద్నాలుగు అడుగులు నడిచాక కాలు చల్లటి ఇనప పలక మీద పడుతుంది. పలక పావు అంగుళం దిగి, “టక్” మంటుంది. ఊక లేకపోతే ఆ ఇనుము మామూలు ఇనుమే.

5. వెలుతురు, ఎత్తు

ట్యూబులైట్లు తీసేయండి. గదంతా సమానంగా వెలిగిస్తే దూరం, దగ్గర తేడా పోతుంది. ఎండలోంచి వచ్చిన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఎవరూ ఉండరు. అందుకే తలుపుకూ పనికీ మధ్య మసక చోటు ఒకటి, మలుపుతో సహా, ఉంచండి. నా గోనెతెర వెనక సందు ఆ పని చేసింది. లోపల ఒకటే బల్బు, పసుపు వెలుగు ఎల్ఈడీ, కాటా పక్కన మోకాలి ఎత్తులో. వెలుతురు కింద నుంచి వస్తే ఊకలో ప్రతి అడుగు గుంటా నీడతో కనిపిస్తుంది. ముందు వచ్చినవాళ్ల అడుగులు చూసుకుంటూ తర్వాతివాళ్లు నడిచారు.

కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్ 2003లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలోని టర్బైన్ హాలులో చేసిన సూర్యుడి గురించి మీరు వినే ఉంటారు. అర్ధచంద్రాకారంలో పసుపు దీపాలు, కప్పు నిండా అద్దం, కాస్త పొగమంచు. అద్దంలో సగం కలిసి పూర్తి సూర్యుడైంది. అవి ఒకే రంగు వెలుగునిచ్చే దీపాలు కాబట్టి ఎర్ర చీర, ఆకుపచ్చ చొక్కా అన్న తేడా పోయి అందరూ పసుపు, నలుపుల్లోకి మారారు. మన ఊళ్లలో పాత సోడియం వీధిదీపాల కింద చూసిన రంగే అది. ఎవరూ చెప్పకుండానే జనం నేల మీద వెల్లకిలా పడుకుని పైన అద్దంలో తమను వెతుక్కున్నారు. పడుకోమని బోర్డు పెడితే అంతమంది పడుకునేవాళ్లు కాదని నా నమ్మకం.

అంత హాలు అక్కర్లేదు. బెంగళూరు కళాకారిణి షీలా గౌడ 2006లో తారు డ్రమ్ములు పేర్చి ఒక చిన్న గూడులాంటిది కట్టారు, పేరు డార్క్‌రూమ్. రోడ్డు పనివాళ్లు ఆ డ్రమ్ము రేకులతోనే గుడిసెలు వేసుకుంటారు. బయటి నుంచి చూస్తే కోట బురుజుల్లా దర్జాగా ఉంటుంది. లోపలికి వంగి దూరాలి. తల ఎత్తితే పైరేకులకు పొడిచిన చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు, నక్షత్రాల ఆకాశం. రేకు, మేకు, సుత్తి ఉంటే చాలు.

6. చప్పుడు

గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని గైడు చూపిస్తాడు కదా. ప్రతి గదికీ అలాంటి స్వభావం కొంత ఉంటుంది. మీ గదిలో మీరూ చప్పట్లు కొట్టి చూడండి. ఖాళీ సిమెంటు గది మోగుతుంది. గోనె, ఊక చప్పుడును మింగేస్తాయి. మా గదిలో ఊక పరిచాక మాటలు పొడిగా, దగ్గరగా వినిపించాయి. నేను రికార్డు చేసి తెచ్చుకున్న మిల్లు హోరు అక్కడ పెట్టి చూశాను. పదినిమిషాల్లో తీసేశాను. అది ఉంటే కాటా “టక్” వినపడలేదు.

చప్పుడుతోనే గది కట్టాలంటే ముంబయి కళాకారిణి శిల్పా గుప్తా పనిని గమనించండి. 2018 కొచ్చి బినాలేలోనూ అది ప్రదర్శించారు. చీకటి గదిలో 100 మైకులు పైనుంచి వేలాడతాయి, కింద 100 ఇనప చువ్వలు, ప్రతి చువ్వకూ గుచ్చిన ఒక కాగితం. తమ రాతల వల్ల, నమ్మకాల వల్ల జైలుపాలైన 100 మంది కవుల పంక్తులు వాటి మీద ఉన్నాయి. మైకులు ఇక్కడ స్పీకర్లుగా పనిచేస్తాయి. ఒక మైకు ఒక పంక్తి పలికితే మిగతా 99 దాన్ని అందుకుంటాయి. గొంతు ఏ మూల నుంచి వస్తుందో తెలియక మనుషులు దాని వెంట తిరుగుతారు. వాళ్లను నడిపించేది చెవి. మీ దగ్గర రెండే స్పీకర్లున్నా సరే, మనిషి ఎటు తిరగాలో అటు పెట్టండి. రెండు మూలల్లో ఎదురెదురుగా పెట్టి పాట వేస్తే అది పెళ్లి పందిరే అవుతుంది.

7. ఎవరికీ దెబ్బ తగలకూడదు

ఇందులో రాజీ లేదు. వేలాడదీసే బరువుకు ఐదింతలు మోసే కొక్కెం, తాడు వాడండి. రేకుల వాసాలకు ఏమీ కట్టకండి, దూలానికే కట్టండి. ఊక, గోనె, గడ్డి, కాగితం వాడితే లోపల నిప్పు అన్నమాటే వద్దు. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలు జ్యోతి వెలిగించాలంటే బయట వాకిట్లో ఏర్పాటు చేయండి. రెండు ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండరు తలుపు దగ్గర ఉండాలి. బయటికి పోయే రెండో దారికి ఎప్పుడూ తాళం వేయకండి. దుమ్ము పడనివాళ్లకు ముందే బోర్డు పెట్టండి. కాటా చక్రాలకు నేను చెక్క మేకులు దిగ్గొట్టించాను, పలక పావు అంగుళానికి మించి కదలకుండా. ఊకలో నడిచాక అరికాళ్లు దురదపెడతాయి, అందుకే బయట గోళెంలో నీళ్లు, చెంబు, తువ్వాలు పెట్టాను. జనం అక్కడ చెట్టుకింద చాలాసేపు నిలబడి మాట్లాడుకున్నారు.

8. నమూనా, ఆపై తాళ్లతో నడక

అడుగుకు ఒక అంగుళం లెక్కన అట్టతో గది చేయండి, ఐదున్నర అంగుళాల అట్ట మనిషిని కత్తిరించి అందులో పెట్టండి. ఫోన్ కెమెరాను అతని కంటి ఎత్తులో పెట్టి చూస్తే ఎక్కడ ఏం కనిపిస్తుందో తెలుస్తుంది. తర్వాత అసలు గదిలో పురికొస కట్టి, సుద్దతో దారి గీసి, పనితో సంబంధం లేని మనిషిని నడవమనండి. మీరు నోరు మెదపకండి. వాళ్లు ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి తిరిగి చూశారు, ఎక్కడ తల గోక్కున్నారు, కాగితం మీద గుర్తు పెట్టండి. ఒకరితో, ముగ్గురితో, పదిమందితో చేయండి. మా గదిలో నలుగురు దాటితే కాటా దగ్గర వరస కట్టాల్సి వచ్చి పని చచ్చిపోయింది. అందుకే నలుగురికి మించి లోపలికి పంపలేదు.

ఆ మేస్త్రిగారిని తెరిచే ముందురోజు పిలిచాను. చెప్పకుండానే చెప్పులు విప్పారు. ఊకలో నిదానంగా నడిచి కాటా దాకా వెళ్లి, దాని ముందు ఆగారు. భుజం మీద తువ్వాలుతో పలకను తుడిచారు. ఎక్కలేదు. పక్కన నిలబడి, పలక వైపు చూస్తూ రెండు నిమిషాలు ఉండి వచ్చేశారు. ఎక్కమని గోడ మీద బాణం గుర్తు వేద్దామనుకున్నదాన్ని ఆ ఆలోచన మానుకున్నాను.

9. రాత

పని గురించి రాసే మాట తలుపు దగ్గర పెట్టకండి. చదివి లోపలికొచ్చినవాళ్లు చదివినదాన్నే వెతుక్కుంటారు. బయటికి వచ్చే చోట, ఎనిమిది పంక్తులకు మించకుండా, నిలబడి చదివే ఎత్తులో, పెద్దక్షరాల్లో పెట్టండి. ఏ మిల్లు, ఎప్పుడు ఆగింది, గదిలో ఏం సరుకు వాడారు అన్నవి చాలు. అర్థం చెప్పకండి. తలుపు దగ్గర మాత్రం చెప్పులు ఎక్కడ విడవాలి, ఒకేసారి ఎంతమంది వెళ్లాలి, దుమ్ము ఉంటుంది అన్న మూడు మాటలు రాయండి.

10. విప్పడం

ఎత్తేసే రోజును కూడా మొదటే ఖర్చులో రాసుకోండి. ఎత్తేముందు తలుపు నుంచి చివరిదాకా అడుగుకొక ఫొటో చొప్పున కంటి ఎత్తులోనే తీయండి, కొలతల కాగితం, సరుకు లెక్క జతచేయండి. మరోచోట మళ్లీ కట్టాలంటే అవే ఆధారం. నా ఊకను కోళ్ల ఫారం వాళ్లు షెడ్డులో పరచుకోవడానికి తీసుకెళ్లారు, గోనెపట్టాలు చీపుళ్ల వ్యాపారికి ఇచ్చాను. కాటా చక్రాల చెక్క మేకులు పీకించి, దాన్ని ఉన్నచోటే ఉంచి, తాళంచెవి మిల్లు వాళ్లకు అప్పగించాను.